ఉయ్యాల కింద ఇసుక

పిల్లలూ! బడిలో లాంగ్‌జంప్ దూకేచోట గుంట తవ్వి ఇసుక ఎందుకు పోస్తారో ఎప్పుడైనా ఆలోచించారా? జోరుగా వచ్చే క్రికెట్టు బంతిని పట్టేటప్పుడు ఆటగాడు చేతులు వెనక్కు ఎందుకు లాక్కుంటాడు? ఈ రెంటికీ కారణం ఒకటే.

వేగంగా పోయే వస్తువు ఠక్కున ఆగితే దెబ్బ గట్టిగా తగులుతుంది. కొంతదూరం సాగి ఆగితే దెబ్బ తగ్గుతుంది. ఆగే దూరం పదింతలైతే దెబ్బ సుమారు పదోవంతు అవుతుంది. 4 అడుగుల ఎత్తునుంచి పడినవాడు నేలను తాకేసరికి గంటకు 17 కిలోమీటర్లకు పైగా వేగం అందుకుంటాడు. సిమెంటు గచ్చు వెంట్రుకవాసి కూడా లొంగదు గనక ఆ దెబ్బంతా ఎముకలే భరించాలి. ఇసుక అయితే రేణువులు పక్కకు జరిగి, మనిషిని మెల్లగా ఆపుతాయి.

పార్కుల్లో ఆటవస్తువులవద్ద పిల్లలకు తగిలే గాయాల్లో ఎక్కువ భాగం కిందపడడంవల్ల తగిలేవే. అందుచేత ఉయ్యాల, జారుడుబల్ల ఎంత గట్టిగా ఉన్నాయో చూస్తే చాలదు. వాటి కింది నేలనూ చూడాలి. అమెరికా ప్రభుత్వంలో వినియోగ వస్తువుల భద్రత చూచే సంఘం 1981లో మొదటిసారి ఆటస్థలాలనుగూర్చి సూచనలు ప్రచురించింది. 4 అడుగుల ఎత్తునుంచి పడేచోట కనీసం 9 అంగుళాల మందాన ఇసుక ఉండాలని ఆ సంఘం ఇప్పుడు చెబుతున్నది.

అయితే ఇక్కడొక చిక్కున్నది. ఊగేవారి కాళ్ళు రోజూ ఇసుకను పక్కకు తన్నుతాయి. జారుడుబల్ల చివర కూడా అంతే. ఎక్కడ ఇసుక ఎక్కువ అవసరమో సరిగ్గా అక్కడే అది తరిగిపోతుంది! మిగిలినది వానకు తడిసి, ఎండి, తొక్కుడుపడి గట్టిపడుతుంది. కనుక ఒక్కసారి ఇసుక పోయించి ఊరుకుంటే చాలదు.

మీరొక పని చేయండి. ఒక పుల్లమీద 9 అంగుళాలవద్ద గీత గీసి, ఆటకు ముందు ఉయ్యాల కింద గుచ్చి చూడండి. గీతదాకా సులువుగా దిగకపోతే ఆ సంగతి కాపలాదారుకు చెప్పండి. గాజుపెంకులు కనిపిస్తే చేత్తో తీయక, పెద్దలను పిలవండి. ఊగే ఉయ్యాల ముందునుంచి పరుగెత్తకండి. చున్నీ మెడకు చుట్టుకొని జారుడుబల్ల ఎక్కకండి. అది పైన తగులుకుంటే మెడకు ఉరి పడుతుంది. రోహిణికార్తె ఎండలో ఇనుపబల్లను అరచేత్తో తాకి చూడనిదే కూర్చోకండి.

తల్లిదండ్రులకు ఒక్క మాట. పడతారన్న భయంతో పిల్లలను ఇంట్లో కూర్చోబెట్టకండి. ఎక్కడం, దూకడం వారికి అన్నం ఎంతో అంత అవసరం. ఉయ్యాల స్తంభంమీద ఇసుక ఉండవలసిన మట్టానికి రంగుగీత గీయించమని మునిసిపాలిటీకి అర్జీ రాయండి. ఇసుక గీతకు దిగువకు పోయినప్పుడల్లా మళ్ళీ పోయించమని, గట్టిపడితే పారతో తిరగవేయించమని అడగండి. పిల్లలు కొలిచి తెచ్చిన అంగుళాలను కూడా ఆ అర్జీలో రాయండి.