లగ్ బిగించడం కూడా విద్యే

హైదరాబాద్‌కు తూర్పున ఉప్పల్, నాచారం, మల్లాపూర్, చర్లపల్లి పారిశ్రామికవాడల్లో తయారయ్యే వస్తువుల్లో చాలావాటి లోపల వైర్లుంటాయి. 1967లో అయ్యగారి సాంబశివరావు సారథ్యంలో మొదలైన ఈసీఐఎల్ ఈ ప్రాంతానికి ఎలక్ట్రానిక్స్ పేరు తెచ్చింది. పక్కనున్న ఏఎస్ రావు నగర్‌కు పెట్టింది ఆయన పేరే. 1977లో ఎన్నికల సంఘానికి ఓటింగ్ యంత్రం ఆలోచన వచ్చినప్పుడు దాన్ని రూపొందించే పని ఈసీఐఎల్‌కే అప్పగించారు. 1982లో కేరళలోని పరవూర్ నియోజకవర్గంలో 50 పోలింగ్ కేంద్రాల్లో ఓటింగ్ యంత్రాలను మొదటిసారి వాడారు. నాచారంలో భారత్ ఎలక్ట్రానిక్స్ యూనిట్ రక్షణ రంగానికి పరికరాలు తయారుచేస్తోంది. 2019 ఫిబ్రవరి 15న ఢిల్లీ నుంచి వారణాసికి బయలుదేరిన మొదటి వందే భారత్ రైలు ప్రొపల్షన్ వ్యవస్థ నాచారంలోని మేధా సర్వో డ్రైవ్స్ ఇచ్చినదే. ఈ సంగతులు చెప్పుకునేటప్పుడు శాస్త్రవేత్తలు, డిజైన్ ఇంజనీర్లు గుర్తుకొస్తారు. వాళ్లు గీసిన డ్రాయింగ్ చేతిలో పట్టుకుని వైరు కోసి, దాని కొసకు లగ్ అనే లోహపు తొడుగు తొడిగి, టెర్మినల్‌కు బిగించిన మనిషి గుర్తుకు రాడు. వాడుకలో అతను హెల్పరు, ఆమె లైన్ అమ్మాయి. ఈ పని నైపుణ్యమేననీ, దాన్ని జీతంలో, శిక్షణలో, పనిగంటల్లో నైపుణ్యంగానే లెక్కపెట్టాలనీ నా వాదన. అందుకు కారణం ఆ పని స్వభావంలోనే ఉంది.

ముందు పనిని దగ్గరగా చూద్దాం. 2.5 చదరపు మిల్లీమీటర్ల మెత్తని వైరులో సన్నని రాగి పోగులు సుమారు 50 ఉంటాయి. పైతొడుగు ఒలిచేటప్పుడు బ్లేడు ఒక్క వెంట్రుకవాసి లోపలికి దిగితే నాలుగైదు పోగులు తెగుతాయి, లేదా వాటిమీద గాటు పడుతుంది. తెగిన పోగు కంటికి కనిపిస్తుంది. గాటు కనిపించదు. రైలులోనో లారీలోనో రోజూ అదిరే చోట ఆ గాటు దగ్గరే లోహం అలసిపోయి, కొన్నాళ్లకు తెగిపోతుంది. తరవాత క్రింపింగ్, అంటే లగ్‌ను వైరు మీద నొక్కి బిగించడం. సరైన కొలతతో నొక్కితే పోగులూ లగ్ గోడా మధ్యలో గాలి కూడా చొరబడనంతగా కలిసిపోతాయి. గాలి చొరబడదు కనుక లోపల తుప్పు పట్టదు. తక్కువ నొక్కితే వదులు, ఎక్కువ నొక్కితే పోగులు నలిగి బలహీనపడతాయి. అందుకే మంచి క్రింపింగ్ టూల్ పూర్తిగా నొక్కేదాకా నోరు విప్పదు. అయితే ఆ టూల్‌కు లగ్ సైజు వైరుకు సరిపోయిందో లేదో, లోపలికి పైతొడుగు కూడా దూరిపోయిందేమో తెలియదు. అది చూసుకోవాల్సింది మనిషే. ఇంకో సంగతి చాలా చోట్ల జరుగుతుంది: పోగులు చెదరకుండా ఉంటాయని వైరు చివర సోల్డర్ పూసి, స్క్రూ టెర్మినల్‌లో బిగించేస్తారు. చూడటానికి అందంగా ఉంటుంది. సోల్డర్ మెత్తని లోహం. ఒత్తిడికి నెమ్మదిగా జరిగిపోతుంది. కొన్ని నెలలకు స్క్రూ తిరగకుండానే బిగింపు వదులైపోతుంది. ఇలా చేయకూడదని తెలిసిన మనిషికీ తెలియని మనిషికీ ఉన్న తేడా ఏ డ్రాయింగులోనూ ఉండదు. ఏ వైరు ఎక్కడికి వెళ్లాలో డ్రాయింగ్ చెబుతుంది. ఎంత వంపు తిప్పాలో, పదునైన రేకు అంచుకు తగలకుండా ఎటు నడిపించాలో చేతికే తెలియాలి.

సోల్డరింగ్‌లో తీర్పు ఇంకా సున్నితం. సీసం కలిసిన పాత సోల్డర్ 183 డిగ్రీల దగ్గర కరుగుతుంది. 2006 జులైలో ఐరోపా సమాఖ్య ఎలక్ట్రానిక్ వస్తువుల్లో సీసాన్ని పరిమితం చేశాక వాడుకలోకి వచ్చిన తగరం, వెండి, రాగి మిశ్రమం కరగడానికి 217 డిగ్రీలకు పైగా కావాలి. వేడి తక్కువైతే సోల్డర్ అంటినట్టు కనిపించి అంటదు. ఎక్కువైతే బోర్డు మీది రాగిపొర లేచిపోతుంది. పాత రోజుల్లో మిలమిల మెరిస్తే మంచి జాయింటు, మసకగా ఉంటే అనుమానం. సీసం లేని సోల్డర్ బాగా పట్టినా మసకగానే ఉంటుంది. కాబట్టి ఏళ్ల తరబడి కళ్లకు అలవాటైన గుర్తును వదిలేసి, మెరుపుకు బదులు అంచుల దగ్గర లోహం సాఫీగా పరుచుకుందా లేదా అని చూడటం కొత్తగా నేర్చుకోవాల్సి వచ్చింది. ఇది రెండు రోజుల్లో వచ్చే విద్య కాదు. అంతర్జాతీయంగా పేరున్న ఐపీసీ సోల్డరింగ్ సర్టిఫికెట్ కూడా రెండేళ్ల వరకే చెల్లుతుంది, తరవాత మళ్లీ తీసుకోవాలి.

నా వాదనకు బలమైన అభ్యంతరం ఒకటి ఉంది. చివర్లో ఎలాగూ టెస్టింగ్ ఉంటుంది కదా, తప్పు ఉంటే అక్కడ దొరుకుతుంది, బిగించేవాళ్లకు అంత నైపుణ్యం ఎందుకు అంటారు. చాలా తప్పులు దొరుకుతాయి, నిజమే. వైరు ఒక చోటికి బదులు ఇంకో చోటికి వెళ్తే దొరుకుతుంది. కానీ వైరు తెగకుండా కలిసి ఉందా అని చూసే కంటిన్యుటీ టెస్టరు పంపేది చాలా చిన్న కరెంటు. 50 పోగుల్లో ఒక్కటి తగిలి ఉన్నా అది సరేనంటుంది. అసలు కరెంటు వచ్చినప్పుడు లెక్క మారుతుంది. 100 ఆంపియర్లు పోయే చోట బిగింపులో ఓములో వెయ్యో వంతు నిరోధం ఉంటే అక్కడ 10 వాట్ల వేడి పుడుతుంది. ఆ వేడికి లోహం తుప్పు పడుతుంది, తుప్పుతో నిరోధం పెరుగుతుంది, దానితో వేడి ఇంకా పెరుగుతుంది. నిరోధం పది రెట్లయితే వేడి 100 వాట్లు, అంటే 25 వాట్ల సోల్డరింగ్ ఐరన్లు నాలుగింటిని ఒకే స్క్రూ మీద పెట్టినట్టు. ప్యానెల్ కాలిపోయేది అప్పుడు. ఫ్యాక్టరీలో పరీక్ష నెగ్గిన రోజుకూ ఆ రోజుకూ మధ్య ఏళ్లు గడిచి ఉండవచ్చు.

పరీక్షలకు ఏమాత్రం లోటు లేని చోట కూడా ఇది జరిగింది. జెనీవా దగ్గర సెర్న్ పరిశోధన సంస్థ వారి భారీ కణ త్వరణ యంత్రంలో అయస్కాంతాలను కలిపే జాయింట్లు సుమారు పదివేలు. 2008 సెప్టెంబరు 19న, యంత్రం మొదలైన తొమ్మిది రోజులకే, వాటిలో ఒక జాయింటు సరిగ్గా అతకలేదని తేలింది. దాని నిరోధం ఓములో కోటి వంతుకు రెండు రెట్లకు కాస్త ఎక్కువ మాత్రమే. కానీ అందులో పోతున్న కరెంటు దాదాపు 8,700 ఆంపియర్లు. జాయింటు కరిగి, హీలియం ఎగదన్ని, టన్నుల బరువున్న అయస్కాంతాలు పక్కకు జరిగిపోయాయి. యంత్రం మళ్లీ నడవడానికి ఏడాదికి పైగా పట్టింది.

ప్రాణాలు పోయిన చోట్లు కూడా ఉన్నాయి. 1988 డిసెంబరు 12న లండన్‌లోని క్లాపమ్ జంక్షన్ దగ్గర రైళ్లు ఢీకొని 35 మంది చనిపోయారు. సిగ్నల్ గదిలో కొత్త వైరింగ్ చేసినప్పుడు పాత వైరు ఒకటి ఒక కొస ఊడదీయకుండా వదిలేశారు. అది మళ్లీ తగిలి సిగ్నల్ ఎర్రగా మారాల్సినప్పుడు మారలేదు. ఆ పని చేసిన టెక్నీషియన్‌కు అంతకుముందు 13 వారాల్లో దొరికిన సెలవు ఒక్క రోజు. మన దేశంలో 2023 జూన్ 2న ఒడిశాలోని బహనాగ బజార్‌లో 290 మందికి పైగా చనిపోయిన ప్రమాదం మీద రైల్వే భద్రతా కమిషనర్ విచారణ జరిపితే, సిగ్నల్ సర్క్యూట్ మార్పుల్లో లోపాలు, లొకేషన్ బాక్సులో వైర్ల పేర్లు తప్పుగా ఉండటం బయటపడ్డాయి. ఆ తప్పు ఏళ్ల తరబడి ఎవరి కంటా పడలేదు. ఈ రెండూ ఫ్యాక్టరీలో జరిగిన తప్పులు కావు, నిజమే. రైల్వే సిగ్నళ్ల వైరింగ్ మార్పుల్లో జరిగినవి. వాటిని ఇక్కడ చెప్పడానికి కారణముంది. వైరు చివర తొడిగే చిన్న నంబరు గొట్టాన్ని మన ప్యానెల్ షాపుల్లో ఫెర్రూల్ అంటారు. అది సరిగ్గా తొడగడాన్ని చిన్న పనిగా చూసే అలవాటు రెండు చోట్లా ఒకటే. అలసిపోయిన చేయీ ఒకటే. ఆర్డరు తొందరలో వారాల తరబడి ఓవర్‌టైం చేయించే యజమానులు క్లాపమ్ విచారణ నివేదికలో ఆ ఒక్క సెలవు గురించి రాసిన మాటల్ని తప్పక చదవాలి.

ఇక రెండో అభ్యంతరం: రేపు యంత్రాలొస్తాయి, ఈ చర్చ ఎందుకని. బోర్డుల మీద చిన్న చిన్న భాగాలు పెట్టి అతికించే పని యంత్రాలు ఇప్పటికే మనిషికన్నా బాగా చేస్తున్నాయి, దాన్ని కాదనలేం. వైరు సంగతి వేరు. అది మెత్తనిది, ఎటు వంగుతుందో ముందే చెప్పలేనిది. రోబోలతో నిండిన కార్ల పరిశ్రమ కూడా వైర్ల కట్టను, అంటే వైరింగ్ హార్నెస్‌ను, చాలావరకు చేతులతోనే అల్లిస్తోంది. 2022 ఫిబ్రవరిలో ఉక్రెయిన్ మీద యుద్ధం మొదలైనప్పుడు అక్కడి హార్నెస్ ఫ్యాక్టరీలు ఆగిపోయి, జర్మనీలో ఫోక్స్‌వాగన్, బీఎండబ్ల్యూ కొన్ని ప్లాంట్లలో ఉత్పత్తి ఆపాల్సి వచ్చింది. యంత్రం ఆ పని చేయగలిగి ఉంటే అన్ని దేశాలు దాటించి అంత దూరంలో అల్లించుకునేవారే కాదు. పైగా రైలు కంట్రోల్ క్యూబికిల్, రక్షణ పరికరం లాంటివి లక్షల్లో తయారుకావు. పదులు, వందల్లో తయారవుతాయి, మధ్యలో డ్రాయింగులూ మారతాయి. అలాంటి చోట మనిషి చేయే చౌక, నమ్మకమైనది కూడా.

నైపుణ్యంగా లెక్కపెడితే ఖర్చు పెరుగుతుందనే మాట చివరికి మిగులుతుంది. పెరుగుతుంది, దాచిపెట్టనక్కర్లేదు. కనీస వేతనాల పట్టికలో నైపుణ్యం లేనివారు, కొంత ఉన్నవారు, ఉన్నవారు, బాగా ఉన్నవారు అని మెట్లున్నాయి. మొదటి మెట్టు మీద ఉంచి మూడో మెట్టు పని చేయించుకోవడం పొదుపులా కనిపిస్తుంది. కానీ ఆ మనిషి చేయి తిరిగే వేళకు ఇంకో చోటికి వెళ్లిపోతే, కొత్త మనిషి నేర్చుకునేటప్పుడు జరిగే తప్పుల ఖర్చు ఎవరి లెక్కలోనూ పడదు. ఐటీఐలో వైర్‌మన్ కోర్సు గానీ ఎలక్ట్రానిక్స్ మెకానిక్ కోర్సు గానీ రెండేళ్లు. లైన్ మీదే పని నేర్చుకున్నవాళ్లకు ఆ కాగితం ఉండదు. పని ద్వారా వచ్చిన నైపుణ్యాన్ని పరీక్షించి ధ్రువపత్రం ఇచ్చే ఏర్పాటు ప్రభుత్వ నైపుణ్య పథకాల్లో ఉంది. నాచారం, ఉప్పల్ యజమానులూ లేబర్ కాంట్రాక్టర్లూ తమ లైన్ల మీద పనిచేసేవాళ్లను పనివేళల్లోనే, జీతం కోయకుండా ఆ పరీక్షలకు పంపాలి. మీ ఇంట్లో అక్కో తమ్ముడో ఆ లైన్ల మీద ఉంటే, ఆ ధ్రువపత్రం గురించి సూపర్‌వైజరును అడగమని ఈరోజే చెప్పండి.