వాన లెక్కకు ఇంటి కంప్యూటర్లు

ఉమ్మడి మహబూబ్‌నగర్, నల్లగొండ జిల్లాల చల్కా నేలల్లో ఒక ఊరిలో దుక్కి వాన పడి, పొరుగూరిలో దుమ్ము లేచే రోజులు అరుదు కావు. ఉరుములతో కూడిన వాన కొద్ది కిలోమీటర్ల మేరకే కురుస్తుంది. పదుల కిలోమీటర్ల గడులతో నడిచే వాతావరణ నమూనాలకు ఈ తేడా అందదు. గడిని ఒక కిలోమీటరుకు కుదిస్తే గణన భారం ఎన్నో రెట్లు పెరుగుతుంది.

సహారాకు దక్షిణాన ఉన్న ఆఫ్రికాలోనూ ఇదే చిక్కు. అక్కడి వానను లెక్కించడానికి నెదర్లాండ్స్‌లోని డెల్ఫ్ట్ సాంకేతిక విశ్వవిద్యాలయం సూపర్ కంప్యూటరుకు బదులు దాతల ఇంటి కంప్యూటర్లను ఆశ్రయించింది. వరల్డ్ కమ్యూనిటీ గ్రిడ్ ద్వారా 2019లో మొదలైన ఈ పథకంలో ఆ భూభాగాన్ని 52 కిలోమీటర్ల భుజం గల 35,609 చదరాలుగా, అంచులు ఒకదానిపై ఒకటి పడేటట్లు విభజించారు. యంత్రం ఖాళీగా ఉన్న వేళ బోయింక్ అనే సాఫ్ట్‌వేర్ తన వంతు లెక్క చేసి ఫలితాన్ని పంపుతుంది. ఏ చదరాన్ని ఆ చదరంగా విడిగా లెక్కించగలగడమే ఇందులోని కీలకం. పొరుగు చదరం ఫలితం కోసం అడుగడుగునా ఆగవలసి వస్తే ఈ పద్ధతి సాగదు.

గణన దానమే అయినా కరెంటు బిల్లు దాతదే. కార్యాలయపు యంత్రాలకైతే అనుమతి తప్పనిసరి.

ఇది రేపటి వానను చెప్పే సూచన కాదన్న సంగతిని విస్తరణ శాస్త్రవేత్తలు రైతులకు ముందే స్పష్టం చేయాలి. ఇటువంటి లెక్కను దక్షిణ తెలంగాణకు చేపడితే, కంది, ఆముదం విత్తే అదనుకు దాన్ని అన్వయించే ముందు మండలాల్లోని వర్షమాపకాల కొలతలతో సరిచూడవలసి ఉంటుంది.