రైఫిల్ బ్యారెల్ అసలు ఆయుష్షు 10 సెకన్లు కూడా ఉండదా? అరుగుదల ఎక్కడ మొదలవుతుంది.. క్లీనింగ్‌లో చేసే తప్పులేంటి?

2024 ఆగస్టు 1.. పారిస్ ఒలింపిక్స్‌లో పురుషుల 50 మీటర్ల రైఫిల్ త్రీ పొజిషన్స్ ఫైనల్. మహారాష్ట్రలోని కొల్హాపూర్ జిల్లాకు చెందిన స్వప్నిల్ కుశాలే 451.4 పాయింట్లతో కాంస్యం సాధించాడు. ఈ ఈవెంట్‌లో భారత్‌కు అదే తొలి ఒలింపిక్ పతకం. అయితే ఈ పోటీలో టార్గెట్ మీద 10 పాయింట్ల వలయం ఎంత ఉంటుందో తెలుసా? వ్యాసం కేవలం 10.4 మిల్లీమీటర్లు. అంటే దాదాపు చొక్కా గుండీ అంత! 50 మీటర్ల దూరం నుంచి దాన్ని కొట్టాలంటే షూటర్ చెయ్యి కుదురుగా ఉంటే సరిపోదు. చేతిలోని రైఫిల్ బ్యారెల్ కూడా ఆరోగ్యంగా ఉండాలి.

లోపల ఏం జరుగుతుంది?

రైఫిల్ గొట్టం లోపల నున్నగా ఉండదు. మెలికలు తిరిగిన గాడులు ఉంటాయి. తూటా వాటిని ఒరుసుకుంటూ బొంగరంలా తిరుగుతూ బయటికొస్తుంది. ఆ తిరుగుడే దాన్ని గాల్లో పల్టీ కొట్టకుండా నిలబెడుతుంది. ఒలింపిక్ పోటీల్లో వాడే పాయింట్ 22 రైఫిల్‌లో సాధారణంగా 16 అంగుళాలకు ఒక చుట్టు పడుతుంది. ఆ లెక్కన బయటికొచ్చే తూటా సెకనుకు సుమారు 800 సార్లు తిరుగుతుందన్నమాట.

అరగదీసేది తూటా కాదు.. మంట!

తూటా రాపిడికే బ్యారెల్ అరిగిపోతుందని చాలామంది అనుకుంటారు. కొంతవరకు నిజమే. కానీ అసలు శత్రువు మందు కాలినప్పుడు పుట్టే వేడి వాయువులు. పెద్ద రైఫిళ్లలో వాటి ఉష్ణోగ్రత 2,000 డిగ్రీల సెల్సియస్ దాటుతుంది. ఆ వేడికి, ఒత్తిడికి చాంబర్ ముందు గాడులు మొదలయ్యే చోట ఉక్కు పైపొర బీటలు వారుతుంది. ఎండిన చెరువు అడుగులా చిన్న చిన్న నెర్రెలు పడతాయి. ఆ తర్వాత కొద్దికొద్దిగా కొట్టుకుపోతుంది. ఈ భాగాన్నే 'థ్రోట్' అంటారు. అరుగుదల మొదలయ్యేది ఇక్కడే.

పాయింట్ 308 లాంటి రైఫిల్‌తో పోటీ స్థాయి గురి సాధారణంగా 5,000 రౌండ్ల వరకు నిలుస్తుంది. ఒక్కో తూటా గొట్టంలో ఉండేది సెకనులో వెయ్యో వంతు కంటే కాస్త ఎక్కువ. అన్నీ కలిపితే ఆ బ్యారెల్ పని చేసిన మొత్తం టైమ్ 10 సెకన్లు కూడా ఉండదు! మందు ఎక్కువ పట్టే మ్యాగ్నమ్ రైఫిళ్లలో అయితే 2,000 రౌండ్లలోపే గురి సడలొచ్చు. పాయింట్ 22 సంగతి వేరు. మెత్తని సీసం తూటా, తక్కువ ఒత్తిడి. అందుకే పదుల వేల రౌండ్లు కాల్చినా నిలబడుతుంది.

గ్యాప్ లేకుండా కాలిస్తే అరుగుదల ఇంకా పెరుగుతుంది. బ్రెన్ లాంటి లైట్ మెషిన్ గన్లకు బ్యారెల్ చిటికెలో మార్చుకునే ఏర్పాటు పెట్టింది కూడా ఈ వేడి వల్లే.

శుభ్రం చేయకపోతే..?

కాల్చిన ప్రతిసారీ గొట్టంలో మసి మిగులుతుంది. పాయింట్ 22లో సీసం, పెద్ద రైఫిళ్లలో తూటా మీది రాగి గాడులకు అంటుకుంటాయి. పాతకాలం తూటాలతో మరో తలనొప్పి ఉండేది. వాటిని పేల్చే రసాయనం కాలాక ఉప్పు లాంటి పదార్థం మిగిలేది. వానాకాలంలో డబ్బాలో ఉప్పు చెమ్మగిల్లినట్టు అది గాల్లో తేమను లాగేసి గొట్టాన్ని తుప్పు పట్టించేది. నూనె రాస్తే అది పోదు, నీళ్లకే కరుగుతుంది. అందుకే పాయింట్ 303 లీ ఎన్‌ఫీల్డ్ వాడిన సైనికులు గొట్టంలో మరిగే నీళ్లు పోసి, ఆరబెట్టి, ఆ తర్వాతే నూనె రాసేవారు.

నిర్లక్ష్యానికి ప్రాణాలతో మూల్యం చెల్లించిన సందర్భమూ ఉంది. వియత్నాం యుద్ధంలో అమెరికా సైనికుల ఎం16 రైఫిళ్లు కాల్పుల మధ్యలో జామ్ అయ్యాయి. తూటా మందు మార్చడంతో మసి పెరిగింది. చాంబర్‌కు క్రోమ్ పూత లేదు. పైగా చాలామందికి క్లీనింగ్ కిట్లే అందలేదు. 1967లో అమెరికా ప్రతినిధుల సభ కమిటీ దీనిపై విచారణ జరిపింది. ఆ తర్వాత చాంబర్‌కు క్రోమ్ పూత, సైనికులకు కిట్లు వచ్చాయి. రైఫిల్‌ను ఎలా చూసుకోవాలో బొమ్మల పుస్తకం వేసి మరీ నేర్పించారు.

సరైన పద్ధతి ఇదీ..

* ముందు మ్యాగజైన్ తీసేయాలి. చాంబర్ ఖాళీగా ఉందని కంటితో చూసి, వేలితో తడిమి నిర్ధారించుకోవాలి. ఆ గదిలో తూటాలే ఉండకూడదు.
* బోల్ట్ బయటికి వచ్చే రైఫిల్ అయితే రాడ్‌ను చాంబర్ వైపు నుంచే పంపాలి. రాడ్ గోడలకు తగలకుండా గైడ్ వాడాలి.
* ముందు సాల్వెంట్‌లో తడిపిన గుడ్డ, కాసేపు ఆగి కంచు బ్రష్, ఆపై పొడి గుడ్డలు. గుడ్డ నల్లగా వస్తే మసి, చిలుము రంగులో వస్తే రాగి. ఇత్తడి రాడ్ మొన, కంచు బ్రష్ వల్ల కూడా ఆ రంగు రావొచ్చు.. కంగారు పడొద్దు.
* దాచేటప్పుడు పల్చగా నూనె రాస్తే చాలు. విశాఖ లాంటి సముద్ర తీరాల్లో తేమ ఎక్కువ కాబట్టి తోలు, గుడ్డ సంచుల్లో ఉంచకూడదు.
* మళ్లీ కాల్చే ముందు పొడి గుడ్డతో నూనె తుడవాలి. లోపల గుడ్డ ముక్క ఇరుక్కుపోతే బ్యారెల్ పగిలిపోయే ప్రమాదం ఉంది.
* సీసం విషం. పని అయ్యాక చేతులు సబ్బుతో కడగాల్సిందే.

ఎన్‌సీసీ క్యాడెట్లకు ఈ పని కొత్తేం కాదు. 'పుల్ త్రూ' తాడుకు 'చిందీ' గుడ్డ కట్టి లాగడం వాళ్ల శిక్షణలో భాగమే.

అతి కూడా చేటే!

అలాగని రోజూ రాడ్ పెట్టి తోమడం కూడా మంచిది కాదు. బ్యారెల్ మూతి అంచును 'క్రౌన్' అంటారు. తూటా చివరిగా తాకేది దాన్నే. రాడ్ ఒరుసుకుని అక్కడ ఒక పక్క అరిగితే వాయువులు సమానంగా బయటికి రావు, తూటా పక్కకు నెట్టుకుపోతుంది. అదీగాక, బాగా శుభ్రం చేసిన బ్యారెల్ నుంచి వెళ్లే మొదటి కొన్ని తూటాలు కాస్త అటూఇటుగా పడొచ్చు. అందుకే చాలామంది షూటర్లు పోటీకి ముందు కొన్ని రౌండ్లు కాల్చి బ్యారెల్‌ను దారికి తెచ్చుకుంటారు.

గురి చెదిరితే వెంటనే బ్యారెల్ పోయిందని అనుకోనక్కర్లేదు. ముందు శుభ్రం చేయాలి, స్క్రూలు బిగించి చూడాలి, వేరే బ్యాచ్ తూటాలు వాడి చూడాలి. అయినా తూటాలు చెదురుగానే పడుతుంటే లైసెన్స్ ఉన్న గన్‌స్మిత్‌కు చూపించాలి. బోర్‌స్కోప్ కెమెరాతో లోపల చూస్తే అది మసా, నెర్రెలా అన్నది తేలిపోతుంది. మసి అయితే గుడ్డతో పోతుంది.. నెర్రెలైతే బ్యారెల్ మార్చాల్సిందే!