మీదికి ఉరికొస్తుంటె చూపు యాడున్నది? జో బర్రో ఆటను ఎట్ల కొలవాలె

2019 సెప్టెంబర్ 7. అమెరికల టెక్సస్ రాష్ట్రం, ఆస్టిన్ పట్నం. రెండు యూనివర్సిటీల నడుమ ఫుట్‌బాల్ ఆట. ఒక దిక్కు టెక్సస్, ఇంకో దిక్కు లూసియానా స్టేట్. దీన్ని అందరు ఎల్ఎస్‌యూ అంటరు. ఆట అయిపోనీకి మూడు నిమిషాలు గూడ లేవు. ఎల్ఎస్‌యూ 37-31తోని ముందున్నది గని బుగులు పోలేదు. మూడో అవకాశం నడుస్తున్నది, ఇంకా 17 గజాలు పోవాలె. పోకపోతే బంతి టెక్సస్‌కు ఇచ్చుడే.

టెక్సస్ ఎప్పటికంటె ఎక్కువ మందిని మీదికి ఉరికించింది. ఎల్ఎస్‌యూ క్వార్టర్‌బ్యాక్ జో బర్రో ఎనకకు పారిపోలేదు. ముందుకు రెండడుగులేసి, జర పక్కకు జరిగి, వాళ్ల చేతులు అందక ముందే బంతి విసిరిండు. జస్టిన్ జెఫర్సన్ నడుమల పట్టుకొని గీత దాకా ఉరికిండు. 61 గజాల టచ్‌డౌన్. ఆఖరికి 45-38తోని ఎల్ఎస్‌యూ గెలిచింది.

గిసోంటి ఒక్క బంతి చూసి "పిలగాడు ఒత్తిడిల సింహం" అనుడు అల్క. ఒక్క బంతి చెడగొడితే "వీనికి గుండె లేదు" అనుడు ఇంకా అల్క. రెండూ తప్పే. ఒత్తిడిల ఆటగాడు ఎసోంటోడో తెలవాలంటే ఒత్తిడిని ముక్కలు ముక్కలు చేసి చూడాలె. అట్ల చూస్తే బర్రో విషయంల ఒక చిత్రం కనవడ్తది. ఆయన బలం ఏదో, ఆయన బలహీనత గూడ అదే.

ముందుగాల ఆట సంగతి

ఇది మనం కాలితోని తన్నే ఫుట్‌బాల్ కాదు. ఒక్కో దిక్కు 11 మంది. 10 గజాలు ముందుకు పోనీకి నాలుగు అవకాశాలు. క్వార్టర్‌బ్యాక్ అంటే బంతి ముందుగాల ఎవని చేతికి వస్తదో ఆ పిలగాడు. ఆయన ముందట ఐదుగురు బలమైనోళ్లు గోడ లెక్క నిలవడ్తరు. ఎదుటోళ్లు ఆ గోడను పలగ్గొట్టుకొని ఆయన మీద పడాలని చూస్తరు. మామూలుకంటె ఎక్కువ మందిని పంపితే దాన్ని బ్లిట్జ్ అంటరు. బంతి విసరక ముందే పడగొడితే అది సాక్. విసిరిన బంతి ఎదుటోని చేతుల పడితే ఇంటర్‌సెప్షన్.

ఇదంత దాదాపు మూడు సెకన్ల ఆట. కబడ్డీల డూ ఆర్ డై రైడ్ మీకు ఎరుకే. రెండు రైడ్లు ఖాళీ పోయినంక మూడోదాంట్ల పాయింటన్న తేవాలె, లేకుంటే బయటికన్న పోవాలె. గా రైడర్‌కు 30 సెకన్లు దొరుకుతయి. క్వార్టర్‌బ్యాక్‌కు గండ్ల పదో వంతు. గా మూడు సెకన్లల్ల ఎవరు ఖాళీగున్నరో చూడాలె, ఎటు నుంచి దెబ్బ వస్తదో పసిగట్టాలె, విసరాల్నా ఆగాల్నా తేల్చుకోవాలె.

నాలుగు ప్రశ్నలు

అందుకే ఒత్తిడి అనేది ఒక్క ముచ్చట కాదు, నాలుగు. ఒకటి: బంతి చేతికి రాకముందే ప్రమాదం యాడికెళ్లి వస్తదో కనిపెడుతుండా? రెండు: మనుషులు మీదికొచ్చినప్పుడు కాళ్లు ఆగమైతున్నయా, చిన్నగ జరుగుతున్నయా? మూడు: చూపు యాడున్నది, మీదికొచ్చేటోళ్ల మీదనా, దూరంగ ఉరుకుతున్న తనోళ్ల మీదనా? నాలుగు: తప్పు జరిగినంక, దెబ్బ తాకినంక, మల్ల వచ్చే బంతి ఎట్ల ఆడుతుండు?

మొదటి ప్రశ్నల బర్రోకు మంచి మార్కులే వేయాలె. ఒహాయో రాష్ట్రంల ఏథెన్స్ కౌంటీల పెరిగిన పిలగాడు. నాయిన జిమ్ బర్రో ఒహాయో యూనివర్సిటీ టీముకు డిఫెన్స్ నేర్పే కోచ్. అంటే క్వార్టర్‌బ్యాక్ మీదికి మనుషులను ఎట్ల పంపాలె అని ఆలోచించే ఇంట్ల పెరిగిండు. 2019ల ఎల్ఎస్‌యూ చాలసార్లు ఐదుగురిని దూరం దూరం నిలవెట్టి ఆడింది. అట్ల నిలవెడితే గోడకు ఆసరా ఇచ్చేటోడు మిగలడు. గని ఎదుటోళ్లు ఎవరు ఎటు నిలవడ్డరో క్వార్టర్‌బ్యాక్‌కు సాఫ్‌గ కనవడ్తది. చదవొచ్చినోనికి అది వరం, రానోనికి అది గుంత. బర్రోకు చదవొచ్చు.

రెండు, మూడు ప్రశ్నలకు జవాబు పైన చెప్పిన టెక్సస్ బంతిలనే ఉన్నది. అదే ఏడు డిసెంబర్ల జార్జియా మీద గూడ గట్లనే చేసిండు. పట్టుకోవస్తున్నోళ్లను తప్పించుకొని, చుట్టు తిరిగి, ఉరుక్కుంట జెఫర్సన్‌కు 71 గజాల బంతి అందిచ్చిండు. ఆట 37-10తోని గెలిచిన్రు. మస్తుమంది క్వార్టర్‌బ్యాక్‌లు మీదికి మనుషులు రాంగనే చూపు కిందికి దించి ఉరుకుడు మొదలువెడ్తరు. బర్రో కాళ్లు ఉరుకుతున్నా కండ్లు దూరంగనే ఉంటయి. గదీ అసలు బలం.

నాలుగో ప్రశ్నకు ఒక ఏడాది ఎనకకు పోదాం. 2019 జనవరి 1, ఫియెస్టా బౌల్. ఎదురు సెంట్రల్ ఫ్లోరిడా టీము, 25 ఆటలు వరుసగ గెలిచి వచ్చింది. మొదట్లనే బర్రో విసిరిన బంతిని వాళ్లు అందుకొని గీత దాకా ఉరికి టచ్‌డౌన్ చేసిన్రు. అది చాలదన్నట్టు, ఉరుకుతున్న ఎదుటోని ఎంట పడ్డ బర్రోను ఇంకొకడు పక్కకెళ్లి బలంగ గుద్దిండు. తప్పు తనదే, దెబ్బ తనకే, పాయింట్లు ఎదుటోళ్లకు. గంత జరిగినంక గూడ లేచి నాలుగు టచ్‌డౌన్లు విసిరిండు. 40-32తోని ఎల్ఎస్‌యూ గెలిచింది. మనిషి గట్టితనం ఏందో 60 టచ్‌డౌన్ల 2019 కంటె ముందు గీ ఆటలనే కనవడ్డది.

అంకెలు చెప్పేది, చెప్పనిది

2018ల బర్రో విసిరిన బంతులల్ల 57.8 శాతం తనోళ్ల చేతికి చేరినయి, టచ్‌డౌన్లు 16. మల్లటేడు 76.3 శాతం, 60 టచ్‌డౌన్లు, 5,671 గజాలు, ఇంటర్‌సెప్షన్లు ఆరంటే ఆరే. 15 ఆటలు ఆడితే 15 గెలుపులు, మీదికెళ్లి దేశంల మంచి కాలేజీ ఆటగానికి ఇచ్చే హైస్మన్ ట్రోఫీ.

ఒక్క ఏడాదిల మనిషి గంత మారిండా? కొంత మారిండు. గని చుట్టుపక్కల గూడ మారింది. న్యూ ఆర్లీన్స్ సెయింట్స్ అనే ప్రొఫెషనల్ టీముకెళ్లి జో బ్రేడీ అనే కోచ్ వచ్చి ఆట తీరును మార్చిండు. ఆ ఏడు దేశంల మంచి రక్షణ గోడకు ఇచ్చే జో మూర్ అవార్డు ఎల్ఎస్‌యూకే వచ్చింది. బంతి అందుకునేటోళ్లు జస్టిన్ జెఫర్సన్, జమార్ చేజ్. తర్వాత ఇద్దరినీ ప్రొఫెషనల్ టీములు మొదటి రౌండ్లనే తీసుకున్నయి. అంటే 76.3ల బర్రో పాలు ఎంత, గోడ పాలు ఎంత, అందుకున్నోళ్ల పాలు ఎంత అని అడగాలె. పంట మంచిగ పండితే విత్తనం ఒక్కదాన్నే పొగిడితే ఎట్ల? నీళ్లు, భూమి గూడ లెక్కకు రావాలె గదా.

బలహీనత యాడున్నది?

ఒకటి, చేతి బలం. బర్రో బంతి గురి తప్పదు, సమయం తప్పదు. గని పట్టాల మీద రైలు లెక్క గుంజి కొట్టే చేయి కాదు. మైదానం ఆ కొసకు, పక్క గీత దాకా బంతి పోవాలంటే ముందుగాలనే విసరాలె. కాళ్లు సరిగ్గ ఆనకుండ మీద మనుషులు వడితే గా లోటు ఇంకా కనవడ్తది.

రెండు, ఓపిక పరీక్ష. 2019 అక్టోబర్ 26న ఆబర్న్ టీము ఉల్టా తోవ పట్టింది. ఎక్కువ మందిని మీదికి పంపుడు మానేసి, చాలసార్లు ముగ్గురినే పంపి, ఎనిమిది మందిని ఎనక కాపలా పెట్టింది. ఇప్పుడు టైం ఉన్నది గని ఖాళీ జాగా లేదు. ఎల్ఎస్‌యూ 23-20తోని గట్టెక్కింది. ఆ ఏడు మొత్తంల వాళ్లు చేసిన తక్కువ పాయింట్లు అవే. బర్రో 321 గజాలు విసిరిండు గని టచ్‌డౌన్ ఒకటే, ఇంటర్‌సెప్షన్ ఒకటి. ఒత్తిడి అంటే మీద పడుడు ఒక్కటే కాదు, తోవలు మూసుడు గూడ ఒత్తిడే.

మూడోది అసలైంది. బర్రో బంతిని ఎక్కువసేపు పట్టుకుంటడు. "ఇంకో అర సెకను ఆగితే ఇంకొకడు ఖాళీ అయితడు" అనే నమ్మకం. గా నమ్మకమే టెక్సస్ మీద 61 గజాలు తెచ్చింది, జార్జియా మీద 71 గజాలు తెచ్చింది. గా నమ్మకమే సాక్‌లు గూడ తెస్తది.

2020 జనవరి 13న న్యూ ఆర్లీన్స్‌ల ఫైనల్. ఎదురు క్లెమ్సన్. మొదట్ల వాళ్లు రకరకాల మూలలకెళ్లి మనుషులను పంపి బర్రోను పరేషాన్ చేసిన్రు. 17-7తోని ముందుకు పోయిన్రు. తర్వాత బర్రో లెక్క దొరకవట్టిండు. ఎల్ఎస్‌యూ వరుసగ 21 పాయింట్లు కొట్టి సగం ఆటకే 28-17 చేసింది, ఆఖరికి 42-25. బర్రో 463 గజాలు, ఐదు టచ్‌డౌన్లు విసిరిండు, ఒకటి తనే ఉరికి చేసిండు. గని జర లోపలికి చూడున్రి. 49 బంతులల్ల 31 చేరినయి, అంటే 63 శాతం. ఏడాది మొత్తం 76.3 ఉన్నోడు గిక్కడ దిగిండు. ఒత్తిడి ఆయన మీద పని చేసింది. అయినా ఇంటర్‌సెప్షన్ ఒక్కటి గూడ లేదు. అంటే ఒత్తిడిల బర్రో బంతి గురి తప్పొచ్చు గని దిమాక్ తప్పలేదు. ఈ రెండింటి నడుమ ఫరక్ తెలిస్తేనే ఆటగాన్ని అంచనా వేసినట్టు.

పెద్దాటల ఏమైంది?

2020 ఏప్రిల్‌ల సిన్సినాటి బెంగాల్స్ ఆయనను అందరికంటె ముందు ఎంచుకున్నది. ఇగ గోడ మారింది. అక్కడ 10 ఆటలల్లనే 32 సాక్‌లు. నవంబర్ 22న వాషింగ్టన్ మీద ఆడుతుంటె ఎడమ మోకాలు దెబ్బతిన్నది, ఆ ఏడు అంతటితోనే ఖతం. 2021ల తిరిగొచ్చి 70.4 శాతం బంతులు చేరవేసిండు, లీగుల అందరికంటె ఎక్కువ. అదే ఏడు 51 సాక్‌లు, అవి గూడ లీగుల అందరికంటె ఎక్కువ. రెండు ఫస్టులు ఒక్కనికే! మొక్కై వంగనిది మానై వంగునా అన్నట్టు, కాలేజీల అలవాటు ఎంటనే వచ్చింది.

ప్లేఆఫ్‌ల టెనెస్సీ టైటన్స్ తొమ్మిదిసార్లు పడగొట్టిన్రు, అయినా 19-16తోని గెలిచిన్రు. 2022 ఫిబ్రవరిల సూపర్ బౌల్‌ల లాస్ ఏంజెలెస్ రామ్స్ ఏడుసార్లు పడగొట్టిన్రు, ఈసారి 23-20తోని ఓడిన్రు. ఆఖరి అవకాశంల ఒక్క గజం కావాలె. ఆరన్ డోనాల్డ్ వచ్చి పట్టి తిప్పిండు, బంతి కింద వడ్డది.

గిండ్ల తప్పెవరిది? గోడది కొంత, కోచ్‌లది కొంత, బంతి పట్టుకొని ఆగిన బర్రోది కొంత. ధైర్యం మంచిదే. గని ధైర్యానికి బిల్లు కట్టేది మోకాలు. పిలగాడు ఎన్ని దెబ్బలకు తట్టుకుంటడో చూసి చప్పట్లు కొట్టుడు కాదు, ఆ దెబ్బలు తాకకుండ ఎవరేం చేస్తున్నరో అడగాలె.

ఇంకో ముచ్చట యాది పెట్టుకోవాలె. ఎల్ఎస్‌యూకు రాకముందు బర్రో ఒహాయో స్టేట్‌ల మూడేండ్లు ఉన్నడు. అక్కడ విసిరింది మొత్తం 39 బంతులే, మిగతాదంత బెంచీ మీదనే. అదే మనిషి ఇంకో జాగల, ఇంకో కోచ్ చేతుల, ఇంకో గోడ ఎనక నిలవడితే దేశంల ఫస్టు అయిండు.

అందుకే తమ్మీ, చెల్లే, ఈసారి ఫోన్ల గీ ఆట చూసినా, మన ఊరి కబడ్డీ టీముకు పిలగాండ్లను ఎంచుకున్నా, పాయింట్లు లెక్కవెట్టే ముందు జర ఆగున్రి. ప్రమాదాన్ని ముందుగాల పసిగట్టిండా? కాళ్లు నిలకడగున్నయా? చూపు యాడున్నది? పడ్డంక ఎట్ల లేచిండు? ఇగ అన్నిటికంటె ముందు, ఆయనకు ఆసరగ ఎవరు నిలవడ్డరు? ఈ ఆఖరి ప్రశ్న అడగకుంట ఎవ్వన్నీ బెంచీ మీద కూసోవెట్టొద్దు.