గాయపడిన పెంపుడు జంతువును వైద్యశాలకు చేర్చడంలో మెలకువలు

2020 మే 7న తెల్లవారుజామున విశాఖపట్నంలోని ఆర్.ఆర్. వెంకటాపురం వద్ద ఎల్.జి. పాలిమర్స్ కర్మాగారం నుంచి స్టైరీన్ ఆవిరి వెలువడినప్పుడు మనుషులతోపాటు పశువులు, కుక్కలు కూడా ఎక్కడివక్కడ కూలిపోయాయి. స్టైరీన్ ఆవిరి గాలికంటే సుమారు మూడున్నర రెట్లు బరువైనది. నేలను అంటి వ్యాపించే ఆ ఆవిరి నేలకు దగ్గరగా ముట్టె ఉండే జీవులకు మరింత ప్రమాదకరం. కట్టుతాడుతో ఉన్న పశువుకు పారిపోయే వీలు కూడా ఉండదు. ఇటువంటి చోట రక్షణ సిబ్బంది అనుమతించే వరకు ఎవరూ లోనికి వెళ్ళరాదు. వెలుపలికి తెచ్చిన జంతువును గాలికి అభిముఖంగా, ఎత్తైన ప్రదేశానికి చేర్చి, కళ్ళను శుభ్రమైన నీటితో కడగాలి.

అటువంటి దుర్ఘటన ఎప్పుడో ఒకనాడు జరుగుతుంది. కానీ ఓడరేవుకు, ఉక్కు కర్మాగారానికి సరకు లారీలు తిరిగే రహదారులపై కుక్క, పిల్లి, మేక వాహనం కింద పడటం తరచుగా కనిపించేదే. పశువైద్యుడి చేతికి అందేలోగా జరిగే పొరపాట్లలో ఎక్కువ భాగం జంతువును ఎత్తే క్షణంలోనే జరుగుతాయి. ఆదుర్దాతో ముందుకాళ్ళు ఒకరు, వెనుకకాళ్ళు మరొకరు పట్టి లేపుతారు. వెన్నుపూస విరిగి ఉంటే, ఆ ఒక్క కుదుపుతో నరాలు దెబ్బతిని వెనుకకాళ్ళు శాశ్వతంగా చచ్చుబడవచ్చు. ప్లైవుడ్ చెక్కను గాని, నలుగురు బిగించి పట్టిన గోనెపట్టాను గాని జంతువు పక్కన పరచి, తల, నడుము, తుంటి ఒకే వరుసలో ఉండేలా దానిపైకి మెల్లగా జరపాలి. విరిగిన కాలికి కర్రలతో కట్టు కట్టే ప్రయత్నం అనవసరం. అనుభవం లేని చేతి కట్టు ఎముక మొనను కండలోకి దించుతుంది. రక్తం కారుతుంటే శుభ్రమైన గుడ్డతో అదిమి పట్టాలి. ఆగిందో లేదో చూడటానికి మాటిమాటికీ గుడ్డ తీస్తే గడ్డకట్టిన రక్తం ఊడిపోతుంది. గుడ్డ తడిస్తే దానిపైనే మరొకటి వేయాలి.

బాధలో ఉన్న జంతువు పెంచిన యజమానినైనా కరుస్తుంది. కుక్క మూతికి మెత్తని గుడ్డపేలికతో కట్టు వేయవచ్చు. వాంతి చేసుకుంటున్నా, ఊపిరి కష్టంగా ఉన్నా, పగ్ వంటి చప్పిడి ముక్కు జాతి అయినా కట్టు వేయరాదు. ఇక్కడ విశాఖ వాతావరణాన్ని గుర్తుంచుకోవాలి. కుక్కకు చెమట ద్వారా చల్లబడే అవకాశం బహు స్వల్పం; నోరు తెరిచి రొప్పడం ద్వారా నీటిని ఆవిరి చేసి చల్లబడుతుంది. గాలిలో తేమ పెరిగేకొద్దీ ఆ ఆవిరి తగ్గుతుంది. పైరు ఆకుల నుంచి జరిగే బాష్పోత్సేకానికి వర్తించే సూత్రమే ఇది కనుక వ్యవసాయ విద్యార్థికి కొత్త కాదు. తీరప్రాంతపు వేసవి మధ్యాహ్నం మూతి బిగించి, అద్దాలు మూసిన కారులో పడుకోబెడితే గాయం కంటే ముందు వడదెబ్బే ప్రాణం తీయవచ్చు. కట్టు తప్పనిసరైతే కొద్ది నిమిషాలకు మించకూడదు. వాహనంలో గాలి ఆడాలి.

పిల్లికి గాలి రంధ్రాలున్న అట్టపెట్టె చాలు. పైన తువ్వాలు కప్పితే చీకటిలో కొంత శాంతిస్తుంది. పిల్లి నోరు తెరిచి ఊపిరి తీస్తుంటే అది అత్యవసర లక్షణం. నొప్పి తగ్గుతుందని ఇంట్లోని పారాసిటమాల్ ఇవ్వడం పిల్లికి విషం పెట్టడమే, ఎందుకంటే ఆ మందును విరిచి బయటికి పంపే శక్తి దాని కాలేయానికి చాలా తక్కువ. ఐబుప్రొఫెన్ కుక్క జీర్ణాశయాన్ని, మూత్రపిండాలను దెబ్బతీస్తుంది. స్పృహ సరిగా లేని జంతువు నోట్లో నీరు పోస్తే ఊపిరితిత్తుల్లోకి పోతుంది.

ఆవు, గేదె, మేక విషయంలో మరొక జాగ్రత్త ఉంది. నెమరువేసే జంతువు ఎక్కువసేపు పక్కకు వాలి పడుకుంటే కడుపులోని వాయువు బయటికి రాక ఉబ్బుతుంది. వెన్ను గాయం లేదని తోచినప్పుడు ఇరువైపులా గడ్డిమోపులో, ఇసుక సంచులో ఆనించి ఛాతీపై కూర్చున్న భంగిమలో ఉంచాలి. వాహనపు తొట్టిలో జారకుండా మందంగా గడ్డి పరచాలి. రాష్ట్రంలో 2022 మే నెలలో మొదలైన సంచార పశువైద్య వాహనాలను 1962 నంబరుకు ఫోన్ చేసి పిలవవచ్చు. పెద్ద పశువును ఎత్తే హైడ్రాలిక్ ఏర్పాటు వాటిలో ఉంది. గ్రామీణ పని అనుభవ కార్యక్రమానికి వెళ్ళే విద్యార్థులు ఈ నంబరును రైతు ఫోనులో నమోదు చేయిస్తే ఉపకారం.

సాయపడేవారికి కాటు గాని, గాయంపై చొల్లు గాని తగిలితే 15 నిమిషాలపాటు సబ్బునీటితో ధారగా కడిగి, అదే రోజు రేబిస్ టీకాకు వెళ్ళాలి. కుక్కకు టీకా వేశారని యజమాని చెప్పినా వైద్యుడి సలహా తీసుకోవాల్సిందే.

బయలుదేరే ముందే వైద్యశాలకు ఫోన్ చేసి జంతువు, దాని బరువు, ప్రమాదం జరిగిన సమయం, ఊపిరి తీరు, చిగుళ్ళ రంగు చెప్పాలి. చిగుళ్ళు తెల్లబడితే లోపల రక్తస్రావమో, షాకో అయి ఉండవచ్చు. ఆ ఒక్క మాట ముందుగా అందితే అక్కడ సెలైన్, ఆక్సిజన్ సిద్ధం చేసి ఉంచుతారు.