ఏకాకి అన్వేషణ యాత్ర (ఎలైట్ డేంజరస్)

ఏకాకి అన్వేషణ యాత్ర అనగా ఎలైట్ డేంజరస్ అను అంతరిక్ష అనుకరణ కంప్యూటరు ఆటలో ఒక ఆటగాడు ఇతర ఆటగాళ్ళ తోడు లేకుండా, ఒకే వ్యోమనౌకలో, జనావాస ప్రాంతాన్ని విడిచి పాలపుంతలోని సుదూర ప్రాంతాలకు చేసే ప్రయాణం. ఈ యాత్రలు కొన్ని గంటల నుండి కొన్ని నెలల వరకు సాగుతాయి. యుద్ధం, వర్తకం, గనుల తవ్వకంతో పాటు అన్వేషణ కూడా ఈ ఆటలో ఒక ముఖ్య వృత్తి. యాత్రలో సేకరించిన సమాచారమంతా తిరిగి ఒక అంతరిక్ష కేంద్రానికి చేరి అమ్మేవరకు నౌకలోనే ఉంటుంది. మధ్యలో నౌక ధ్వంసమైతే నెలల శ్రమ అంతా పోతుంది. ఆటలో శత్రువులు దాదాపు కనిపించని ఈ వృత్తికి ఉత్కంఠ కలిగించేది ఈ నియమమే.

నేపథ్యం

ఎలైట్ మొదటి ఆటను డేవిడ్ బ్రేబెన్, ఇయాన్ బెల్ అను ఇద్దరు కలిసి బీబీసీ మైక్రో కంప్యూటరు కొరకు రూపొందించారు. ఎకార్న్‌సాఫ్ట్ సంస్థ దానిని 1984లో విడుదల చేసింది. ఆ కంప్యూటరులో ఉన్న జ్ఞాపకశక్తి 32 కిలోబైట్లు మాత్రమే. అందులో వేలకొలది గ్రహాల వివరాలను భద్రపరచటం అసాధ్యం కనుక, ఒక చిన్న సంఖ్య నుండి గణిత సూత్రాల ద్వారా గ్రహాల పేర్లు, స్థానాలు, లక్షణాలు అప్పటికప్పుడు పుట్టేలా ఏర్పాటు చేశారు. ఈ పద్ధతిలో 282 లక్షల కోట్ల నక్షత్రవీధులు సృష్టించటానికి వీలున్నా, అంత పెద్ద సంఖ్య ఆట కృత్రిమత్వాన్ని బయటపెడుతుందన్న ప్రచురణకర్తల సూచనతో 8 నక్షత్రవీధులకే పరిమితం చేశారు. ఒక్కొక్క దానిలో 256 చొప్పున మొత్తం 2,048 గ్రహ వ్యవస్థలు కలవు.

దీని తరువాత 1993లో ఫ్రాంటియర్: ఎలైట్ 2, 1995లో ఫ్రాంటియర్: ఫస్ట్ ఎన్‌కౌంటర్స్ వెలువడ్డాయి. నాలుగవ ఆట అయిన ఎలైట్ డేంజరస్ కొరకు ఇంగ్లాండులోని కేంబ్రిడ్జికి చెందిన ఫ్రాంటియర్ డెవలప్‌మెంట్స్ సంస్థ 2012 నవంబరులో కిక్‌స్టార్టర్ ద్వారా ప్రజల నుండి విరాళాలు సేకరించటం ప్రారంభించింది. సుమారు 15 లక్షల పౌండ్లకు పైగా సమకూరాయి. ఆట 2014 డిసెంబరు 16న విండోస్ కంప్యూటర్లకు విడుదలయింది. ఆటలోని సంవత్సరం వాస్తవ సంవత్సరానికి 1286 కలిపినంత. అనగా 2014వ సంవత్సరం ఆటలో 3300వ సంవత్సరం.

ఆటలోని పాలపుంత

ఈ ఆటకు రంగస్థలం పాలపుంత నక్షత్రవీధి మొత్తం. దానిని వాస్తవ పరిమాణంలోనే నిర్మించారు. ఇందులో సుమారు 40,000 కోట్ల నక్షత్ర వ్యవస్థలు ఉన్నాయి. వీటిలో దాదాపు 1,60,000 నక్షత్రాలను ఖగోళ శాస్త్రజ్ఞుల పట్టికల నుండి స్వీకరించారు. తెలుగువారు కృత్తికలు, రోహిణి, ఆర్ద్ర, చిత్త, స్వాతి, జ్యేష్ఠ అని పిలుచుకొనే తారలు కూడా వాటి పాశ్చాత్య నామాలతో ఇందులో ఉన్నాయి. వాటి వద్దకు నౌకలో చేరుకొనవచ్చును. సూర్యకుటుంబం వెలుపలికి సాగిపోతున్న వాయేజర్ నౌకలను సైతం ఈ ఆటలో చూడవచ్చును.

మిగిలిన నక్షత్రాలను స్టెల్లార్ ఫోర్జ్ అను కార్యక్రమం తయారు చేస్తుంది. నక్షత్రవీధిలోని ఆయా భాగాలలో ఉన్న ద్రవ్యరాశి, వయస్సు, మూలకాల పాళ్ళను ఆధారం చేసుకొని, నక్షత్రాలు, గ్రహాలు, ఉపగ్రహాలు ఎలా ఏర్పడి ఉండవచ్చునో ఇది లెక్కిస్తుంది. 2017 ఫిబ్రవరిలో ట్రాపిస్ట్-1 అను చిన్న నక్షత్రం చుట్టూ ఏడు గ్రహాలు ఉన్నట్లు శాస్త్రజ్ఞులు ప్రకటించినప్పుడు, దాదాపు అదే చోట అటువంటి వ్యవస్థ ఒకటి ఆటలో అప్పటికే పుట్టి ఉన్నట్లు నిర్మాతలు గమనించారు. దానినే సవరించి ట్రాపిస్ట్-1గా మార్చారు.

జనావాస ప్రాంతం సూర్యుని చుట్టూ కొన్ని వందల కాంతి సంవత్సరాల మేర వ్యాపించి ఉన్నది. ఆటగాళ్ళు దీనిని "బబుల్" అని పిలుస్తారు. దీని వెలుపల ఉన్నదంతా దాదాపు నిర్జనం. ఆట విడుదలై అయిదేళ్ళు గడచిన 2020 నాటికి కూడా ఆటగాళ్ళందరూ కలిసి చూచినది నక్షత్రవీధిలో ఒక శాతంలో పదవ వంతు కన్నా తక్కువ. రోజుకు వేయి వ్యవస్థలు చొప్పున చూచుకుంటూ పోయినా, ఒక్కరే అన్నింటినీ చూడటానికి సుమారు 11 లక్షల సంవత్సరాలు పడుతుంది.

ఏకాంత విధానం

ఆటను మూడు విధాలుగా ఆడవచ్చును. బహిరంగ విధానంలో ఇతర ఆటగాళ్ళు ఎదురవుతారు. ఆంతరంగిక బృంద విధానంలో ఆ బృందంలోని వారు మాత్రమే కనిపిస్తారు. ఏకాంత విధానంలో మరెవ్వరూ కనిపించరు. అయితే మూడు విధానాలలోనూ నక్షత్రవీధి ఒక్కటే. ఏకాంతంగా ఆడే వ్యక్తి కనుగొన్న గ్రహం మీద అతని పేరు అందరికీ కనిపిస్తుంది. ఇందువలన ఏకాంత విధానానికి కూడా అంతర్జాల సంబంధం తప్పనిసరి. అంతర్జాలం లేకుండా ఆడే వీలు కల్పిస్తామని మొదట చెప్పిన సంస్థ, 2014 నవంబరులో ఆ ఆలోచనను విరమించుకున్నది. దీనిపై విరాళాలిచ్చిన వారిలో కొందరు తీవ్ర నిరసన తెలిపారు.

నౌక, సన్నాహాలు

అన్వేషణకు నౌక ఒక్క జంపులో ఎంత దూరం పోగలదన్నది ముఖ్యం. నౌక బరువు తగ్గిన కొద్దీ ఈ దూరం పెరుగుతుంది. అందువలన అన్వేషకులు ఆయుధాలను తీసివేస్తారు, తేలికైన పరికరాలను అమర్చుకుంటారు. డైమండ్‌బ్యాక్ ఎక్స్‌ప్లోరర్, ఆస్ప్ ఎక్స్‌ప్లోరర్, క్రైట్ ఫాంటమ్, అనకొండ నౌకలు ఇందుకు పేరు పొందాయి. 2024లో వచ్చిన మాండలే నౌక కూడా ఈ కోవకు చెందినదే.

నక్షత్రం నుండి ఇంధనం పీల్చుకొనే ఫ్యూయల్ స్కూప్, చెడిన భాగాలను బాగుచేసే పరికరం, నేల మీద నడిపే చిన్న వాహనం సాధారణంగా వెంట ఉంటాయి. కవచాన్ని పూర్తిగా తీసివేసి బరువు తగ్గించుకొనేవారు కూడా ఉన్నారు గాని, గ్రహం మీద దిగేటప్పుడు తగిలే చిన్న దెబ్బ కూడా అప్పుడు నౌక పైపొరకే తగులుతుంది.

ప్రయాణ పద్ధతి

నక్షత్రం నుండి నక్షత్రానికి ఫ్రేమ్ షిఫ్ట్ డ్రైవ్ అను యంత్రం ద్వారా జంపు చేస్తారు. ప్రతి జంపు తరువాత నౌక ఆ వ్యవస్థలోని ప్రధాన నక్షత్రానికి ఎదురుగా తేలుతుంది. వెంటనే వేగం తగ్గించని ఆటగాడు నక్షత్రానికి మరీ దగ్గరగా పోయి నౌకకు నష్టం తెచ్చుకొంటాడు. వందల జంపుల తరువాత నిద్రమత్తులో జరిగే పొరపాట్లలో ఇది ముఖ్యమైనది.

ఒక వ్యవస్థ లోపల ప్రయాణానికి సూపర్‌క్రూయిజ్ అను పద్ధతి కలదు. ఇందులో గరిష్ఠ వేగం కాంతి వేగానికి 2,001 రెట్లు. అయినా ఆల్ఫా సెంటారీ వ్యవస్థలో 0.22 కాంతి సంవత్సరాల దూరాన ఉన్న హట్టన్ ఆర్బిటల్ కేంద్రాన్ని ఈ మామూలు పద్ధతిలో చేరటానికి గంటకు పైగా పడుతుంది.

జంపుకు 50 కాంతి సంవత్సరాలు పోగల నౌకకు, సూర్యుని నుండి నక్షత్రవీధి కేంద్రాన్ని చేరటానికి సుమారు 520 జంపులు అవసరం. జంపుకు ఒక నిమిషం అనుకొన్నా, ఎక్కడా ఆగకుండా పోతే తొమ్మిది గంటల సమయం పడుతుంది. దారిలో ఆగి గ్రహాలను పరిశీలించేవారికి ఇది అనేక వారాల పని.

ఇంధనం

నౌక ఇంధనం హైడ్రోజన్. దీనిని ఓ, బి, ఎ, ఎఫ్, జి, కె, ఎమ్ తరగతుల నక్షత్రాల వద్ద మాత్రమే పీల్చుకొనటానికి వీలవుతుంది. గోధుమ కుబ్జాలు, శ్వేత కుబ్జాలు, న్యూట్రాన్ నక్షత్రాలు, కృష్ణబిలాల వద్ద ఇంధనం లభించదు. వరుసగా ఇటువంటివే ఎదురయితే నౌక ఆగిపోతుంది.

ఇంధనం అయిపోగానే ప్రాణవాయువు లెక్క మొదలవుతుంది. పరికరం నాణ్యతను బట్టి ఇది 5 నుండి 25 నిమిషాలు. ఇలా చిక్కుకున్నవారిని కాపాడటానికి ఫ్యూయల్ ర్యాట్స్ అను ఆటగాళ్ళ స్వచ్ఛంద బృందం 2015 నుండి పనిచేస్తున్నది. ఆపదలో ఉన్న ఆటగాడు వెంటనే ఆట నుండి బయటకు వస్తే ప్రాణవాయువు తరగటం ఆగుతుంది. ఏకాంత విధానంలోకి మరొకరు ప్రవేశించలేరు కనుక, సహాయకులు దగ్గరకు చేరాక అతడు బహిరంగ విధానంలోకో, ఆంతరంగిక బృందంలోకో మారవలసి ఉంటుంది. ఏకాకి యాత్ర ఆ విధంగా అక్కడికి కొంతసేపు ఆగినట్లే.

న్యూట్రాన్ నక్షత్రాల వినియోగం

న్యూట్రాన్ నక్షత్రం ధ్రువాల నుండి వెలువడే ధారలోకి నౌకను పోనిస్తే, తరువాతి ఒక్క జంపు దూరం నాలుగు రెట్లవుతుంది. శ్వేత కుబ్జం వద్ద ఇది ఒకటిన్నర రెట్లు మాత్రమే. ఈ సౌకర్యం 2016 అక్టోబరులో వచ్చింది. న్యూట్రాన్ నక్షత్రాలను కలుపుకుంటూ సాగే మార్గాలను ఆటగాళ్ళు "న్యూట్రాన్ రహదారి" అంటారు.

ధారలో నౌక అదుపు తప్పి ఊగిపోతుంది, యంత్రానికి కొంత అరుగుదల కలుగుతుంది. ధారలో ఉండగా సూపర్‌క్రూయిజ్ నుండి జారిపడటం చాలా ప్రమాదకరం. గ్రహాల నేల మీద సేకరించిన మూలకాలను యంత్రంలో కలిపి కూడా జంపు దూరాన్ని 25, 50 లేదా 100 శాతం పెంచుకొనవచ్చును. నక్షత్రాలు పలుచగా ఉండే అంచు ప్రాంతాలలో ఈ మూలకాలే దిక్కు.

సమాచార సేకరణ

కొత్త వ్యవస్థను చేరిన వెంటనే ఆటగాడు అన్వేషణ స్కానరును మోగిస్తాడు. ఆ వ్యవస్థలో ఎన్ని గ్రహాలు, ఉపగ్రహాలు ఉన్నదీ దీనివలన తెలుస్తుంది. తరువాత ఒక్కొక్క దాని సంకేతాన్ని రేడియో స్టేషను వెదకినట్లు వెదకి గుర్తిస్తారు. ఈ పద్ధతి 2018 డిసెంబరులో ప్రవేశపెట్టబడింది. అంతకు పూర్వం ప్రతి గ్రహం దగ్గరకు స్వయంగా పోవలసి వచ్చేది. పనిలో వేగం పెరిగిందని కొందరు సంతోషించగా, దగ్గరకు పోయి చూచే అలవాటు తగ్గిందని మరికొందరు విచారించారు.

గ్రహం పైకి చిన్న ప్రోబులను వదిలి ఉపరితల పటాన్ని తయారు చేయవచ్చును. భూమిని పోలిన గ్రహాలు, జలగ్రహాలు, అమ్మోనియా గ్రహాలకు ఎక్కువ వెల లభిస్తుంది. సమాచారాన్ని యూనివర్సల్ కార్టోగ్రాఫిక్స్ కార్యాలయంలో అమ్మిన తరువాత, మొదట కనుగొన్న వ్యక్తి పేరు ఆ గ్రహానికి జతపడుతుంది. 2015 డిసెంబరులో వచ్చిన హొరైజన్స్ భాగంతో వాయుమండలం లేని గ్రహాలపై దిగటం, 2021 మేలో వచ్చిన ఒడిస్సీ భాగంతో పలుచని వాయుమండలం గల గ్రహాలపై కాలినడకన తిరిగి జీవజాలాన్ని పరిశీలించటం సాధ్యమయ్యాయి.

ప్రమాదాలు

* అతి దగ్గరగా ఉన్న రెండు నక్షత్రాల మధ్య తేలినప్పుడు వేడి పెరిగి పరికరాలు పాడవుతాయి.
* గురుత్వాకర్షణ ఎక్కువగా గల గ్రహాలపై దిగేటప్పుడు నౌక రాయిలా పడిపోతుంది. భూమికి ఆరు రెట్లకు మించిన ఆకర్షణ గల అకెనార్ 3 ఇందుకు ప్రసిద్ధి.
* నౌక ముందరి అద్దం పగిలితే ప్రాణవాయువు కొన్ని నిమిషాలకే సరిపోతుంది. సమీప కేంద్రం వేల కాంతి సంవత్సరాల దూరంలో ఉండవచ్చును.
* సాధారణ మరమ్మతు పరికరం నౌక పైపొరను బాగుచేయలేదు. అందుకు వేరే పరికరం కావలెను.

నౌక ధ్వంసమైతే ఆటగాడు చివరిగా ఆగిన కేంద్రంలో తిరిగి ప్రారంభిస్తాడు. బీమా సొమ్ము చెల్లిస్తే నౌక తిరిగి వస్తుంది. అమ్మని సమాచారం మాత్రం రాదు. 2020 జూన్‌లో ప్రవేశపెట్టబడిన ఫ్లీట్ క్యారియర్లు ఒక్క జంపులో 500 కాంతి సంవత్సరాలు పోగలవు. వాటిలో సమాచారం అమ్మే సౌకర్యాన్ని ఏర్పరచుకొనవచ్చును గనుక ఈ భయం కొంత తగ్గింది.

ముఖ్య గమ్యాలు

సాజిటేరియస్ ఏ*: నక్షత్రవీధి కేంద్రంలోని మహా కృష్ణబిలం. సూర్యునికి సుమారు 25,900 కాంతి సంవత్సరాల దూరంలో ఉన్నది. దాని వెనుక ఉన్న నక్షత్రాల కాంతి వంగి, ఆకాశం చెదరినట్లు కనిపిస్తుంది. మొదటిసారి దూరయాత్ర చేసేవారిలో ఎక్కువమంది గమ్యం ఇదే.

కొలోనియా: సూర్యునికి సుమారు 22,000 కాంతి సంవత్సరాల దూరాన గల రెండవ జనావాసం. 2016లో జాక్స్ స్టేషన్ అను కేంద్రం బీగిల్ పాయింట్‌కు జంపు చేయబోయి, దారితప్పి ఇక్కడ నిలిచిపోయినట్లు ఆటలోని కథ. దానిని ఆటగాళ్ళు వెదకి కనుగొని, చుట్టూ స్థావరాలు ఏర్పరచారు.

బీగిల్ పాయింట్: నక్షత్రవీధి ఆవలి అంచున, సూర్యునికి 65,279 కాంతి సంవత్సరాల దూరంలో గల వ్యవస్థ. దీనిని ఆటగాళ్ళు మొదటిసారి 2015లో చేరారు. ఇక్కడి నుండి చూస్తే ఒకవైపు పాలపుంత అంతా పరచుకొని ఉంటుంది, మరొకవైపు చీకటి తప్ప మరేమీ ఉండదు. చేరినవారికి ఏ బహుమతీ లేదు. చేరిన తరువాత అంతే దూరం వెనుకకు రావలసి ఉంటుంది.

సామూహిక యాత్రలతో పోలిక

2016 జనవరిలో బయలుదేరిన డిస్టెంట్ వరల్డ్స్ యాత్రలో వేయి మందికి పైగా పాల్గొని బీగిల్ పాయింట్ వరకు వెళ్ళారు. 2019 జనవరిలో మొదలైన రెండవ యాత్రకు 13,000 మందికి పైగా పేర్లు నమోదు చేసుకున్నారు. దారిలో నక్షత్రవీధి కేంద్రం సమీపాన ఎక్స్‌ప్లోరర్స్ ఆంకరేజ్ అను కేంద్రం నిర్మాణానికి వీరు తోడ్పడ్డారు. అక్కడ సమాచారాన్ని అమ్ముకొనే వీలుండటం వలన, తరువాతి కాలంలో ఆ వైపు వచ్చిన ఏకాకి యాత్రికులకు కూడా అది ఆశ్రయమైనది.

సామూహిక యాత్రలో తోటివారి సాయం ఉంటుంది. కాని బహిరంగ విధానంలో దాడులకు దిగే ఆటగాళ్ళ వలన ప్రమాదం కూడా ఉంటుంది. నెలల తరబడి సేకరించిన సమాచారంతో జనావాసానికి తిరిగి వచ్చే ఆయుధాలు లేని నౌక వారికి సులభంగా చిక్కుతుంది. ఇందువలన బహిరంగంగా ప్రయాణించేవారు సైతం చివరి మజిలీలో ఏకాంత విధానానికి మారటం కలదు. ఇది పిరికితనమని కొందరు, వివేకమని మరికొందరు వాదిస్తారు.

ఆదరణ, విమర్శ

ఒకే పనిని వందలసార్లు చేయవలసి రావటం, గ్రహాలు కొంతకాలానికి ఒకే తీరుగా తోచటం ఈ వృత్తిపై ప్రధాన విమర్శలు. గెలుపు, ఓటమి, కథ లేని ఈ ప్రయాణాన్ని ఆట అనవచ్చునా అని ప్రశ్నించేవారున్నారు. పరిమాణం, దూరం అను భావాలను ఇంత స్పష్టంగా అనుభవంలోకి తెచ్చే సాధనాలు అరుదని అభిమానుల సమాధానం. కాంతి సంవత్సరం అను మాటను పుస్తకంలో చదివినప్పుడు కలగని అవగాహన, రాత్రుల తరబడి ప్రయాణించినా పటం మీద గీత కొంచెమే జరిగినప్పుడు కలుగుతుంది. మరెవ్వరూ చూడని గ్రహం మీద మొదటి పేరు తనదే కావటం, దానిని భద్రంగా ఇంటికి చేర్చటం ఈ యాత్రికులను మళ్ళీ మళ్ళీ బయలుదేరదీస్తున్నాయి.

ఇవి కూడా చూడండి

* పాలపుంత
* న్యూట్రాన్ నక్షత్రం
* కృష్ణబిలం
* వాయేజర్ 1