నిలిచినచోటనే కాగే కారు

మొన్న ఎండాకాలంలో హోసూరులో మేనకోడలి పెండ్లికని బెంగుళూరినుండి కుటుంబసమేతంగా కారులో బయలుదేరినాము. ఎలక్ట్రానిక్ సిటీ దాటేవరకు ప్రయాణం సుఖంగానే సాగినది. అత్తిబెలె దగ్గర లారీల వరుసలో చిక్కుకొని నిలిచిపోయినాము. పది నిమిషాలు కాలేదు, వేడి చూపే ముల్లు నడుమనుండి ఎర్రగీతవైపు జరగసాగినది. వరుస కదిలి బండి కొంతదూరం పరుగెత్తగానే ముల్లు తనంతట తానే దిగినది. మళ్ళీ నిలిచినాము, మళ్ళీ ఎక్కినది. చివరకు పక్కకు తీసి ఇంజను ఆపివేసినాము.

మా మేనల్లుడు ఉత్సాహవంతుడు. నీళ్ళసీసా పట్టుకొని బానెట్టు ఎత్తి రేడియేటరు మూతమీద చెయ్యి వేసినాడు. వెనుకసీటులోనుండి మా అక్కయ్య కేక వేసినది.

"ఒరేయ్, ఆవిరి దిగకుండా కుక్కరు మూత ఎవరైనా తీస్తారట్రా? చెయ్యి తియ్యి!"

అక్కయ్యకు ఇంజను సంగతులు తెలియవు గాని, ఆ మాట మాత్రం అక్షరాలా నిజం. ఆ మూత కుక్కరు వెయిటువలెనే లోపలి ద్రవాన్ని ఒత్తిడిలో ఉంచుతుంది. అందుచేత నూరు డిగ్రీలు దాటినా అది మరగదు. మూత విప్పితిమా, ఒక్కసారిగా మరగి ముఖాన చిమ్ముతుంది. రేడియేటరు చేతితో ముట్టుకోగలిగేంత చల్లబడేవరకు ఆ మూత జోలికి పోరాదు. అరగంటకు పైగా చెట్టునీడన కూర్చున్నాము. ముహూర్తం దాటిపోతుందేమోనని అందరికీ గుండెదడ.

నిలిచినప్పుడు వేడి, పరుగెత్తితే చలువ అన్నదే అసలు గుర్తు. బండి వేగంగా పోతున్నప్పుడు ఎదురుగాలే రేడియేటరును చల్లబరుస్తుంది. నిలిచినప్పుడు ఆ పని ఫ్యాను చేయవలెను. ఇందుకు విరుద్ధంగా హైవేమీద వేగంగా పోతున్నప్పుడే ముల్లు ఎక్కుతుంటే, తప్పు ఫ్యానుది కాకపోవచ్చును; కూలెంటు తగ్గినదో, థర్మోస్టాటు మూసుకొన్నదో, రేడియేటరు పూడినదో చూడవలెను.

పాత అంబాసిడరులో ఈ చిక్కు లేదు. ఫ్యానును బెల్టు తిప్పేది. ఇంజను తిరిగినంతసేపు అదీ తిరిగేది. 1983లో మారుతి 800 వచ్చిన తరువాత ఇంజనును అడ్డంగా అమర్చిన చిన్న కార్లు మన రోడ్లమీద పెరిగినవి. వాటిలో ఫ్యానుకు కరెంటు మోటారు ఉంటుంది. కూలెంటు దాదాపు 95, 100 డిగ్రీలకు చేరినప్పుడు సెన్సారు కనిపెట్టి కబురు పంపితే, రిలే కలిసి, ఫ్యాను తిరుగుతుంది. ఈ గొలుసులో ఏ లంకె తెగినా ఫ్యాను ఆగిపోతుంది. కాని మన షాపులలో చాలామందికి మోటారు ఒక్కటే కనబడుతుంది.

మాకూ అదే జరిగినది. ఏసీ కట్టివేసి, అద్దాలు దించి, హీటరు పూర్తిగా తిప్పి, చెమటలు కక్కుతూ హోసూరు చేరినాము. (హీటరు ఇంజను వేడిని కొంత లోపలికి లాగుతుంది. ముల్లు ఎర్రగీతను తాకితే మాత్రం ఈ ఉపాయమూ పనికిరాదు, ఆగవలసినదే. లేకపోతే సిలిండరు హెడ్డు వంగి ఖర్చు ఎన్నోరెట్లవుతుంది.) మరునాడు ఒక షాపులో చూపించగా, "మోటారు పోయింది సార్" అని కొత్తది వేసినారు. ఫ్యాను తిరిగినది. సంతోషించి ఇల్లు చేరినాము.

నెల తిరగలేదు, సిగ్నలు దగ్గర మళ్ళీ అదే జ్వరం.

ఈసారి మా వీధి చివరి వృద్ధ మెకానిక్కు దగ్గరకు పోయినాము. ఆయన మోటారును ముట్టనే లేదు. చల్లని ఇంజనులో కూలెంటు మట్టం ముందుగా చూసినాడు. అది తగ్గితే సెన్సారు చుట్టూ గాలి చేరి వేడి దానికి సరిగా తెలియకపోవచ్చునట. తరువాత ఇంజను నడుస్తుండగా ఏసీ వేయించినాడు. చాలా కార్లలో ఏసీ వేస్తే ఫ్యాను కూడా తిరగాలి. అప్పుడు తిరిగి, వేడికి మాత్రం తిరగకపోతే మోటారు మంచిదే, సెన్సారును అనుమానించవలెను. మాది అప్పుడూ తిరగలేదు. ఫ్యూజు తీసి చూస్తే బాగున్నది. అది కాలి ఉంటే అదే ఆంపియర్లది వేయాలి, మళ్ళీ కాలితే మోటారు పట్టేసినదనో, వైరు తగులుకొన్నదనో అర్థం. పెద్ద ఫ్యూజు వేయడం, తీగ చుట్టడం ఇంటికి నిప్పు పెట్టుకోవడమే. హారను రిలే అదే నంబరుది కాబట్టి దానిని తీసి ఫ్యాను రిలే స్థానంలో పెట్టి చూసినాడు. ఫలితం లేదు. బ్యాటరీ తీగ విప్పి రెక్కలను చేతితో తిప్పితే తేలికగానే తిరిగినవి.

అప్పుడు మీటరు పెట్టినాడు. ప్లగ్గు దగ్గర 12 వోల్టులు నిక్షేపంగా చూపినది. మేము, "అయితే కొత్త మోటారూ పోయినట్టేనా?" అన్నాము. ఆయన నవ్వి, పాత హెడ్‌లైటు బల్బు ఒకటి తెచ్చి అదే చోట తగిలించినాడు. మిణుకు మిణుకుమన్నది.

"మీటరు ఏమీ లాగదు సామీ, అందుకే దానికి అంతా బాగానే కనబడుతుంది. బరువు మోయమంటే తెలుస్తుంది దారి సంగతి" అన్నాడు.

ప్లగ్గు విప్పి చూపించినాడు. బండివైపు సాకెట్టులో ఒక పిన్ను వదులై, వేడికి ప్లాస్టిక్కు కరిగి గోధుమరంగుకు తిరిగినది. మోటారు మార్చినప్పుడు కదలిక వలన అది తాత్కాలికంగా కలిసినది, అంతే. కొత్త సాకెట్టు వేయడానికి గంట కూడా పట్టలేదు.

కొత్తరకం కార్లలో ఫ్యాను వేగాన్ని ఒక మాడ్యూలు నడుపుతుంది. అటువంటి వాటికి బ్యాటరీనుండి నేరుగా తీగ లాగి ప్రయోగాలు చేయరాదని కూడా హెచ్చరించినాడు. ఇంజను ఆపిన తరువాత కూడా ఫ్యాను హఠాత్తుగా తిరగవచ్చును కాబట్టి, బానెట్టు ఎత్తినప్పుడు చేతులు, చీరకొంగులు, భుజంమీది తువ్వాళ్ళు జాగ్రత్త.

హోసూరులో విప్పిన పాత మోటారును మేము పారవేయలేదు. మొన్న మేనల్లుడు అటకమీదనుండి దించి బ్యాటరీకి తగిలించినాడు. సుబ్బరంగా తిరిగినది.